రొయ్య పొట్టు నుంచి కైటోసాన్: ఏది ఎక్కడ చెడుతుంది?

రొయ్య పొట్టులోంచి ఆమ్లంతో సున్నాన్ని (కాల్షియం కార్బొనేట్‌ను), పలచటి కాస్టిక్‌తో మాంసకృత్తులను తీసేస్తే మిగిలేది కైటిన్. దాన్ని ఆఖర్న చిక్కటి కాస్టిక్ సోడాలో ఉడికిస్తే పలచటి ఆమ్లంలో కరిగే కైటోసాన్ అవుతుంది.

పొడి కరగడం లేదు

100 మి.లీ. 1 శాతం ఎసిటిక్ ఆమ్లంలో ఒక గ్రాము పొడి వేసి కొన్ని గంటలు కలిపితే చిక్కగా, తేటగా రావాలి. రవ్వ మిగిలితే ఆఖరి కాస్టిక్ ఉడుకు చాలలేదు. 50 శాతం కాస్టిక్ సోడాలో 90-100 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఉండాలి. అంతా చేసినా కరగకపోతే తడి మీద అనుమానపడండి. సరిగా ఆరని కైటిన్‌లోని నీళ్లే కాస్టిక్‌ను పలచన చేస్తాయి. వానాకాలంలో మన తీరంలో ఈ తప్పు మరీ ఎక్కువ. సరుకు పారబోయక్కర్లేదు, బాగా కడిగి, ఎండబెట్టి, మళ్లీ ఉడికించండి.

ఉడికించేముందు కైటిన్ రేకు మీద పలచటి ఆమ్లం చుక్క వేయండి. బుడగలొస్తే సున్నం మిగిలే ఉంది, ఆమ్లం దశకే వెనక్కి వెళ్లాలి.

ఆమ్లం పోయగానే నురగ పొంగిపోతోంది

పొట్టులోని సున్నం ఆమ్లంతో కలిసి కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది, ఆ పొంగు అదే. డ్రమ్ము మూడో వంతే నింపి, ఆమ్లం కొద్దికొద్దిగా పోయండి. దుకాణంలో దొరికే 30-33 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక పాలు, నీళ్లు తొమ్మిది పాళ్లు చాలు. నీళ్లలోకే ఆమ్లం పోయాలి. కాస్టిక్‌కూ అదే నియమం.

జిగట రావడం లేదు

దీన్ని బాగుచేసే దారి లేదు. ఆమ్లం ఘాటుగా ఉన్నా, వేడెక్కినా, రాత్రంతా నానినా జిగటనిచ్చే పొడవాటి అణువుల గొలుసులు తెగిపోతాయి. భోగాపురం, పూసపాటిరేగ వైపు చెరువుల రొయ్య తలలు ఎండలో సంచుల్లో కుళ్లినా ఫలితం అంతే. ఒలిచిన రోజే ఐసులో పెట్టండి, లేదా కడిగి ఎండబెట్టండి. జిగట లేని సరుకును పంటల పిచికారీకి అడిగేవాళ్లకు ఇవ్వొచ్చు, ధర మాత్రం తగ్గుతుంది.

గోధుమ రంగు

ముందు నీళ్లు చూడండి. బకెట్ అంచున నారింజ తుప్పు మరక ఉంటే బోరులో ఇనుముంది. కైటోసాన్ దాన్ని పట్టేసుకుంటుంది. ఇనుప డ్రమ్ములు మానేయండి: ఆమ్లానికి ప్లాస్టిక్, కాస్టిక్‌కు స్టీలు. అల్యూమినియం రెండింటికీ పనికిరాదు. గులాబీ రంగైతే అది రొయ్యదే, ఎండకు చాలావరకు పోతుంది. బ్లీచింగ్ వాడితే జిగట తగ్గుతుంది. పైగా ఆమ్లం మిగిలిన డ్రమ్ములో బ్లీచింగ్ వేస్తే క్లోరిన్ వాయువు లేస్తుంది.

మిగిలిన ఆమ్లం నీళ్లు, కాస్టిక్ నీళ్లు వేరువేరు తొట్లలో పట్టి, కొద్దికొద్దిగా కలిపి, పీహెచ్ 7 దగ్గరకు తెచ్చాకే శుద్ధికి పంపాలి. ఉప్పుటేరులోకి వదలకండి.