మన ఎండలకి, మన కరెంటుకి తట్టుకునే ఎస్ఎంపీఎస్, కూలర్ ఎంచుకోవడం ఎలా

సొంతంగా పీసీ బిల్డ్ చేసుకునేవాళ్ళు ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు గురించి నెలల తరబడి వీడియోలు చూస్తారు, డబ్బులన్నీ వాటికే అయిపోతాయి, ఆఖర్న మిగిలినదాంతో ఎస్ఎంపీఎస్ (పీసీ లోపలి భాగాలకి కరెంటు ఇచ్చే పవర్ సప్లై డబ్బా), కూలర్ (ప్రాసెసర్‌ని చల్లబరిచేది) తీసుకుంటారు. షాపులో కూడా "ఇది సరిపోద్ది సార్, అందరూ ఇదే తీసుకుంటున్నారు" అని క్యాబినెట్‌తో పాటు ఏదో ఒకటి అంటగట్టేస్తారు. దయచేసి అలా తీసుకోవద్దు. ర్యామ్ పోతే ర్యామ్ ఒక్కటే పోతుంది, నాసిరకం ఎస్ఎంపీఎస్ పోతే మాత్రం పోతూ పోతూ మదర్‌బోర్డుని, గ్రాఫిక్స్ కార్డుని కూడా తీసుకుపోవచ్చు.

ముందు వాట్స్ లెక్క చూద్దాం. ప్రాసెసర్ రైజెన్ 5 7600 అనుకోండి, బాక్స్ మీద 65 వాట్స్ అనే ఉంటుంది కానీ ఫుల్ లోడ్‌లో 88 దాకా లాగుతుంది. గ్రాఫిక్స్ కార్డు ఆర్టీఎక్స్ 4060 ఇంకో 115, బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఫ్యాన్లు అన్నీ కలిపి 50, 60 వేసుకోండి, మొత్తం 260 చిల్లర. దీనికి మంచి 550 వాట్స్ యూనిట్ హాయిగా సరిపోతుంది, 850 అక్కర్లేదు, ఆ డబ్బులతో అదే 550లో మంచి క్వాలిటీది కొనుక్కోవచ్చు. పెద్ద కార్డు పెట్టేవాళ్ళ సంగతి వేరు, ఆర్టీఎక్స్ 4090 ఒక్కటే 450 వాట్స్ తాగుతుంది, పైగా ఇలాంటి కార్డులు క్షణంలో వందో వంతు కూడా కాని టైమ్‌లో అంతకు చాలా ఎక్కువ లాగి మళ్ళీ తగ్గుతాయి, గేమ్ మధ్యలో పీసీ టక్కున ఆఫ్ అయిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 అనే ఎస్ఎంపీఎస్ స్టాండర్డ్ ఈ జర్కులని తట్టుకునేలా చేసింది, పెద్ద కార్డు పెట్టేవాళ్ళు అది గానీ దాని తర్వాతది గానీ ఉన్న యూనిటే అడగండి.

ఇప్పుడు అసలు విషయం, లేబుల్ చదవడం. యూనిట్‌ని పక్కకి తిప్పితే చిన్న టేబుల్ లాంటిది ఉంటుంది, అందులో ప్లస్ 12 వోల్ట్స్ గడి ఒక్కటి చూడండి చాలు, ప్రాసెసర్, కార్డు రెండూ బతికేది దాని మీదే. అక్కడ 45 ఆంప్స్ అని ఉంటే 12తో గుణించండి, 540 వాట్స్, అంటే అది నిజమైన 550. అదే పైన పెద్దక్షరాలతో 500 అని రాసి 12 వోల్ట్స్ దగ్గర 25 ఆంప్స్ మాత్రమే ఉందనుకోండి, మీ చేతిలో ఉన్నది 300 వాట్స్‌ది, మిగతాదంతా 3.3, 5 వోల్ట్స్ లైన్ల మీద చూపించిన లెక్క, అవి ఇప్పటి పీసీకి పెద్దగా పనికిరావు. షాపు కౌంటర్ దగ్గరే నిలబడి ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి లెక్క వేయండి, మొహమాటపడకండి.

అదే లేబుల్‌లో ఇన్‌పుట్ అనే లైన్ కూడా చూడాలి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. కొన్నిటికి 100-240 అని ఉంటుంది, కొన్నిటికి 200-240 మాత్రమే. మనకి రావాల్సింది 230, కానీ ఊళ్ళల్లో వేసవి సాయంత్రం అందరి ఏసీలు, మోటార్లు ఆన్ అయ్యాక 180కి పడిపోయే ఇళ్ళు ఉన్నాయి, అక్కడ రెండో రకం పెడితే ఊరికే రీస్టార్ట్ అవుతూ ఉంటుంది. మొదటి రకం ఉంటే లో వోల్టేజ్ కోసం విడిగా స్టెబిలైజర్ కొనక్కర్లేదు.

ఎస్ఎంపీఎస్ మీద రాసే బ్రాంజ్, గోల్డ్ అనే రేటింగ్‌లు ఎంత కరెంటు వేస్ట్ చేయకుండా వాడుతుందో చెప్తాయి, అంతే, ఎన్నాళ్ళు మన్నుతుందో చెప్పవు. బ్రాంజ్ అయితే సగం లోడ్ దగ్గర, లాగిన కరెంటులో 85 శాతం పీసీకి అందుతుంది. ఆ టెస్టు చేసేది 23 డిగ్రీల దగ్గర, మన మే నెలలో క్యాబినెట్ లోపల అంత చల్లగా ఎక్కడ ఉంటుంది? అందుకే స్పెసిఫికేషన్స్‌లో ఫుల్ లోడ్ ఎన్ని డిగ్రీల దగ్గర ఇస్తుందో వెతకండి, 40 పర్లేదు, 50 అయితే బాగు, ఆ మాటే లేకపోతే వదిలేయండి. లోపలి కెపాసిటర్లు 105 డిగ్రీలవి అయ్యుండాలి, ఎందుకంటే ప్రతి 10 డిగ్రీల వేడికి వాటి ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. ఓవర్ కరెంట్, ఓవర్ వోల్టేజ్, షార్ట్ సర్క్యూట్, ఓవర్ టెంపరేచర్ ప్రొటెక్షన్లు ఉండాలి, వారంటీ కనీసం 5 ఏళ్ళు ఉండాలి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా సర్వీస్ సెంటర్ మీకు దగ్గర్లో ఎక్కడుందో ముందే అడగండి.

ఇంకొక్కటి, మాడ్యులర్ కేబుల్స్ (ఎస్ఎంపీఎస్ నుంచి ఊడదీసే వీలున్నవి) పాత యూనిట్‌వి కొత్తదానికి ఎప్పుడూ పెట్టొద్దు. ఎస్ఎంపీఎస్ వైపు పిన్నులు ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉంటాయి, చక్కగా పట్టేస్తుంది కానీ ఆన్ చేయగానే హార్డ్ డిస్క్ కాలిపోవచ్చు.

కూలింగ్‌కి వద్దాం. మామూలు కూలర్ ఎంత మంచిదైనా రూమ్ వేడి కన్నా కిందకి దించలేదు, దాని మీద ఎన్ని డిగ్రీలు పెరగనిస్తుంది అన్నదే దాని పనితనం. రివ్యూల్లో 21, 22 డిగ్రీల రూమ్‌లో పెట్టి ప్రాసెసర్ 70 వచ్చింది అంటారు, రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో ఏసీ లేని మన గది 37 ఉంటుంది, ఆ 15 ఇక్కడ కలిపేయండి, 85. కాబట్టి రివ్యూలో బొటాబొటిగా పాసైన కూలర్ విజయవాడలోనో రామగుండంలోనో పాసవ్వదు, ఒక మెట్టు పైది తీసుకోవాలి.

65 వాట్స్ క్లాస్ ప్రాసెసర్‌కి నాలుగు హీట్ పైపులు, ఒక 120 మి.మీ. ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్ బ్రహ్మాండంగా సరిపోతుంది. అంతకన్నా పెద్ద ప్రాసెసర్‌కి రెండు టవర్లది. కొనేముందు ఎత్తు చూసుకోండి, డీప్‌కూల్ ఏకే400 లాంటివి 155 మి.మీ. ఉంటాయి, క్యాబినెట్ 150కే అయితే గ్లాస్ మూత పడదు. బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే సాకెట్ కూడా చూసుకోండి, ఇంటెల్ ఎల్‌జీఏ 1700 సాకెట్‌కి పాత కూలర్ క్లాంప్ సరిపోదు.

లిక్విడ్ కూలర్ చూడ్డానికి బాగుంటుంది, కానీ నన్నడిగితే మన ఇళ్ళకి పైన చెప్పిన టవర్ లాంటి ఎయిర్ కూలరే. ఎయిర్ కూలర్‌లో చెడిపోయేది ఫ్యాన్ ఒక్కటే, ఎక్కడైనా దొరుకుతుంది, మీరే మార్చుకోవచ్చు. లిక్విడ్‌లో పంపు పోతే మొత్తం మార్చాల్సిందే. ఇంటెల్ 14900కే లాంటి 253 వాట్స్ ప్రాసెసర్ పెడితే తప్పదనుకోండి, అప్పుడు రేడియేటర్‌ని (ఫ్యాన్లు ఉండే, నీళ్ళని చల్లబరిచే భాగం) క్యాబినెట్ పైన బిగించండి, పంపు అన్నిటికన్నా ఎత్తులో ఉండకూడదు, గాలి బుడగలు అందులో చేరిపోతాయి.

క్యాబినెట్ ముందు భాగం జాలీదే తీసుకోండి, గ్లాస్ వద్దు. ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి, వెనక ఒకటి బయటికి. ఫ్యాన్‌కి ప్లాస్టిక్ చట్రం అడ్డంగా కనిపించే వైపు నుంచే గాలి బయటికొస్తుంది, అది చూసి బిగించండి. కంప్యూటర్ టేబుల్‌లో సీపీయూ కోసం తలుపేసే అర ఉంటుంది చూశారా, అందులో మాత్రం పెట్టొద్దు, వదిలిన వేడి గాలినే మళ్ళీ పీల్చుకుంటుంది. దుమ్ముకి ఫిల్టర్లు నెలకోసారి దులపండి, బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలు వేలితో పట్టుకోండి. ఎస్ఎంపీఎస్‌ని మాత్రం విప్పొద్దు, ప్లగ్ తీసేసినా లోపల 400 వోల్ట్స్ దాకా నిలిచి ఉండొచ్చు.

కూలర్ బిగించే ముందు కింద అంటించిన ప్లాస్టిక్ పొర తీశారో లేదో చూసుకోండి, ప్రాసెసర్‌కి, కూలర్‌కి మధ్య రాసే థర్మల్ పేస్ట్ శనగ గింజంత చాలు.

యూపీఎస్ సంగతి, 600 వీఏ అంటే మామూలుగా 360 వాట్సే, గేమింగ్ పీసీకి 1100 వీఏ చూడండి. ఎర్తింగ్ తప్పనిసరి. క్యాబినెట్ ముట్టుకుంటే సన్నగా జిల్లుమంటే మీ ఇంటి ఎర్త్ పనిచేయట్లేదని అర్థం, టూ పిన్ కన్వర్టర్ వాడినా అంతే, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి న్యూట్రల్‌కి ఎర్త్‌కి మధ్య వోల్టేజ్ చూడమనండి, రెండు మూడు వోల్ట్స్ అయితే పర్లేదు, పదులు దాటితే ఎర్త్ గుంత దగ్గర పని చేయించాలి. ఉరుములు మొదలైతే ప్లగ్ పీకేయండి, స్పైక్ బస్టర్‌ని నమ్ముకోకండి.

అంతా బిగించాక మధ్యాహ్నం రెండింటికి, ఏసీ ఆపేసి, ఓసీసీటీ అనే టెస్టింగ్ సాఫ్ట్‌వేర్‌తో ప్రాసెసర్‌నీ కార్డునీ కలిపి అరగంట లోడ్‌లో పెట్టండి. ప్రాసెసర్ 85 డిగ్రీల లోపు ఆగితే సరే, 95 దగ్గర తచ్చాడుతుంటే కూలర్ విప్పి పేస్ట్ అంతటా అంటిందా, నాలుగు స్క్రూలు సమానంగా బిగిశాయా చూడండి. లోడ్‌లో పీసీ మొత్తం ఆఫ్ అయిపోతే ముందు ఎస్ఎంపీఎస్‌నే అనుమానించండి, రిటర్న్ గడువు ఉండగానే మార్పించేసుకోండి.