ఎత్తు మీద ద్రాక్ష పెట్టాలంటే

అర్జెంటీనాలోని మెండోసా దగ్గర ఊకో లోయలో ఒక సీజన్ పనిచేశాను. అక్కడి తోటలు సుమారు 900 మీటర్ల దగ్గర మొదలై 1500 దాకా ఎక్కుతాయి. వంద మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత దాదాపు 0.6 డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి ఎత్తు చూసి రకం ఎంచుకోండి. వైన్ ద్రాక్ష రకాల్లో మాల్బెక్ చాలా చోట్ల కుదురుతుంది, బాగా పైన షార్డొనే, పినో న్వార్ నయం. పల్లంలో మాత్రం నాటకండి. చల్లగాలి జారివచ్చి అక్కడే ఆగి, చిగుళ్లను మాడ్చేస్తుంది. నీళ్లు ఆండీస్ మంచు కరిగి వచ్చేవే, వాలు మీద డ్రిప్ మేలు.

అసలు టెన్షన్ వడగళ్లది. వాటి నుంచి కాపాడటానికి తీగల మీద కప్పే వల నా వరుసలో జానెడు చిరిగితే బద్ధకించి కుట్టలేదు. పది నిమిషాల వాన, దాని కింది గుత్తులన్నీ పగిలిపోయాయి. సూది, నైలాన్ దారం జేబులోనే ఉంచుకోండి. కోతకు ముందు గింజ కొరకండి: పచ్చగా, వగరుగా ఉంటే ఆగండి, గోధుమరంగుకు తిరిగి కరకరలాడితే కత్తెర తీయండి.