సర్వేకి జనం దొరకట్లేదా? ఇలా ట్రై చేయండి

ఫస్ట్ మీ కాలేజీ ఎథిక్స్ కమిటీ అప్రూవల్, అది రాకుండా ఎవర్నీ అడగొద్దు. తర్వాత అందరం చేసేదే, గూగుల్ ఫామ్ లింక్ వాట్సాప్ గ్రూపుల్లో పడేయడం, దాంతో వచ్చేవి మనలాంటోళ్ల జవాబులే. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల మీద చేసిన సర్వేలో లిటరరీ డైజెస్ట్ పత్రికకి 20 లక్షలకి పైగా జవాబులొచ్చాయి, అయినా రూజ్‌వెల్ట్ ఓడిపోతాడని చెప్పి బోల్తా పడింది, అంకె చూసి మురిసిపోతే అంతే మరి.

ఆటో డ్రైవర్ల నడుం నొప్పి మీద సర్వే అనుకోండి, స్టాండ్‌కే వెళ్లాలి, గిరాకీ లేని టైమ్ చూసుకుని, ముందు అక్కడి యూనియన్ లీడర్‌తో మాట్లాడి. "అన్నా, నేను పీజీ స్టూడెంట్‌ని, పది నిమిషాలు పడుతుంది, పేరు రాసుకోను, వద్దనుకుంటే మధ్యలో ఆపేయొచ్చు" అని చెప్పండి చాలు, సంతకం పెట్టమని ముందే పేపర్ చాపితే లోన్ ఏజెంట్ అనుకుంటారు. పేరు అడగం అన్నాక ఫామ్‌లో ఈమెయిల్ కలెక్ట్ చేసే సెట్టింగ్ ఆఫ్ చేయండి, ఇది చాలామంది చూడరు.

18 ఏళ్లలోపు వాళ్లైతే పేరెంట్స్ పర్మిషన్ కావాలి. టీ ఇప్పించండి, పెద్ద గిఫ్టులొద్దు, వాటి కోసం ఒక్కడే నాలుగు ఫామ్‌లు నింపేస్తాడు. ఎంతమంది వద్దన్నారో కూడా రాసుకోండి, వైవాలో అడుగుతారు.