ఏఐతో ఉద్యోగ ప్రయత్నం – నాలుగో పాఠం: రాయించుకోవడం ఆపి, అడిగించుకోండి

ఈసారి నేరుగా ఇంటర్వ్యూ సాధనలోకి వెళ్లాలి. కానీ గత పాఠం తరువాత మీరు ఏఐతో రాయించి పంపిన రెజ్యూమెలు చూశాక, ముందు వాటి సంగతి తేల్చకుండా అడుగు ముందుకు వేయలేను. అకౌంట్స్ ఉద్యోగానికి రాసినవారైనా, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌కు రాసినవారైనా, కర్మాగారంలో సూపర్‌వైజర్ పనికి రాసినవారైనా దాదాపు అందరి కాగితంలోనూ అవే మాటలు, అవే శాతాలు. ‘సామర్థ్యాన్ని 25 శాతం పెంచాను’, ‘ఖర్చును 30 శాతం తగ్గించాను’. ఉద్యోగంలో చేరి ఆరు నెలలైనా నిండని కుర్రవాడు సంస్థ ఖర్చంతా తగ్గించినట్టు రాసి ఉంది. ఆ అంకెలు ఏఐ వేసింది. మీరు చదవకుండా పంపించేశారు.

ఒకామె విషయం చెబుతాను. బీకాం చదివి, కోఠిలో ఒక ఆడిటర్ దగ్గర ఏడాదిగా పని చేస్తున్నారు. ప్రాంప్టులో, అంటే ఏఐకి ఇచ్చే ఆదేశంలో, ఆమె రాసింది ఇంతే: ‘ట్యాలీలో (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్‌లో) ఎంట్రీలు, జీఎస్టీ రిటర్నుల పని చేశాను. ఆకర్షణీయంగా రాయి.’ దానికి ఏఐ ఇచ్చిన వాక్యం: ‘జీఎస్టీ సరిపోల్చే విధానాన్ని పునర్వ్యవస్థీకరించి లోపాలను 30 శాతం తగ్గించాను.’ బేగంపేటలో ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. ఎదురుగా కూర్చున్నవారు అడిగిన మొదటి ప్రశ్న, ‘అంతకుముందు ఎన్ని లోపాలు ఉండేవమ్మా, ఎలా లెక్క కట్టారు?’ ఆమెకు నోట మాట రాలేదు.

నాకు బాధ కలిగించింది ఇంటర్వ్యూ పోవడం కాదు. ఆమె నిజంగా చేసిన పని అంతకంటే ఎంతో విలువైనది. నెలనెలా 14వ తేదీ దాటగానే జీఎస్టీఆర్-2బీ (అమ్మినవారు చూపించిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ ఇచ్చే జాబితా) దించుకుని, ఎక్సెల్‌లో కొనుగోలు రిజిస్టరు పక్కన పెట్టి, బిల్లు తరువాత బిల్లు సరిచూసేవారు. 2బీలో కనిపించని బిల్లులకు రంగు వేసి, రాణీగంజ్‌లో ఆ సరుకు అమ్మిన వ్యాపారులకు తానే ఫోన్ చేసి, జీఎస్టీఆర్-1లో, అంటే వాళ్ల అమ్మకాల రిటర్నులో, చూపించమని వెంటపడేవారు. 2022 జనవరి నుంచి 2బీలో కనిపించని బిల్లుకు పన్ను క్రెడిట్ తీసుకోవడానికి, అంటే కొనేటప్పుడు కట్టిన పన్నును తాము కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడానికి, వీల్లేదు. అంటే ఆమె ఫోన్ల మీద క్లయింటు డబ్బు ఆధారపడి ఉంది. ఇదంతా చెప్పగల మనిషి చేతిలో లేని 30 శాతం పెట్టి పంపారు.

ఇది ఎందుకు జరుగుతుందో అర్థమైతే మళ్లీ పొరపడరు. చాట్‌జీపీటీ అయినా, జెమినై అయినా, మరొకటైనా ముందున్న మాటలకు తగినట్టు తరువాత ఏ మాటలు రావచ్చో అంచనా వేస్తూ రాస్తుంది. రెజ్యూమెలలో ‘పని చేశాను’ తరువాత శాతాలు రావడం దానికి అలవాటైన వరస. మీరు వివరం ఇవ్వని చోట ఆ వరసనే నింపుతుంది. మీ ఆఫీసు దానికి తెలియదు, మీ ఆడిటరు తెలియదు. పైగా ‘ఆకర్షణీయంగా రాయి’ అన్నప్పుడు కల్పించడానికి మీరే అనుమతి ఇచ్చినట్టు అయింది. ఆ మాటను మీ ప్రాంప్టుల్లోంచి పూర్తిగా తీసేయండి. ‘ప్రొఫెషనల్‌గా’, ‘ప్రభావవంతంగా’ కూడా అదే జాతి. దాని బదులు ఇది వాడండి:

‘కింద నేను ఇచ్చిన వివరాలు తప్ప ఒక్క అంకె, ఒక్క బాధ్యత, ఒక్క సాఫ్ట్‌వేర్ పేరు కూడా చేర్చవద్దు. వివరం చాలని చోట వాక్యం రాయకుండా నన్ను ప్రశ్న అడుగు. నేను జవాబు ఇచ్చాకే రాయి. నా క్రియలను పెద్దవి చేయవద్దు.’

ఆ చివరి వాక్యం చాలామందికి అనవసరం అనిపిస్తుంది. నాకు అన్నిటికంటే ముఖ్యం అదే, ఎందుకంటే అంకెలు కంటికి కనిపిస్తాయి, క్రియలు తప్పించుకుంటాయి. ‘సహాయం చేశాను’ అన్నది ‘నిర్వహించాను’ అవుతుంది. ‘నేర్చుకున్నాను’ అన్నది ‘నైపుణ్యం సాధించాను’ అవుతుంది. బాలానగర్‌లో ఒక యూనిట్లో పని చేసే డిప్లొమా అబ్బాయి గంటకోసారి వర్నియర్ అనే కొలత పరికరంతో కొలతలు తీసి రిజిస్టరులో రాసేవాడు. అతని రెజ్యూమెలో ‘నాణ్యత నియంత్రణ విభాగానికి నాయకత్వం వహించాను’ అని ఉంది. అమీర్‌పేటలో టెస్టింగ్ కోర్సు చేసిన ఇంకొకరి కాగితంలో, క్లాసులో చేసిన ప్రాజెక్టు ‘అంతర్జాతీయ క్లయింటు’ ప్రాజెక్టుగా మారిపోయింది. ఒక హోటల్ రిసెప్షన్‌లో పని చేసిన అమ్మాయి ‘అతిథుల అనుభవ వ్యూహాన్ని రూపొందించింది’. గదులు ఖాళీ లేని రోజు కోపంగా వచ్చిన కుటుంబానికి పక్క హోటల్‌లో గది మాట్లాడి పంపిన విషయం ఆమె నాకు విడిగా రాసింది. ఏ యజమానికైనా కావలసిన మనిషి ఆమె. ఆ వ్యూహం మాట ఎవరికీ అక్కర్లేదు.

ఉద్యోగం ఇచ్చే ముందు చాలా సంస్థలు పాత ఉద్యోగాల వివరాలు సరిచూస్తాయి. పీఎఫ్ ఉన్నవారి చేరిన తేదీ, మానేసిన తేదీ యూఏఎన్ (పీఎఫ్ సభ్యులకు ఇచ్చే నంబరు) ద్వారా బయటపడతాయి. కాబట్టి తేదీలతో ఆడుకోవద్దు, ఏఐని ఆడుకోనివ్వవద్దు.

ఎంత కట్టుదిట్టమైన ప్రాంప్టు ఇచ్చినా అది అప్పుడప్పుడు జారుతుంది. అందుకే రెజ్యూమెను ప్రింటు తీయండి. ఫోన్ తెర మీద ఈ పని కుదరదు. ఎర్ర పెన్నుతో ప్రతి అంకె కింద, ప్రతి క్రియ కింద గీత గీసి, పక్కన ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చూశారో రాయండి. రాయలేకపోయిన వాక్యం కొట్టేయండి.

ఇక ఇంటర్వ్యూ. ఖాతా తెరవడం, ఉద్యోగ ప్రకటన మొత్తం అతికించడం వంటివి మీకు వచ్చు కాబట్టి వాటి జోలికి పోను. ఆధార్, పాన్, ఫోన్ నంబర్లు తీసేసి అతికించండి. ఆడిటర్ల దగ్గర పని చేసేవారు క్లయింట్ల జీఎస్టీ నంబర్లు, లెక్కలు అందులో పెట్టడం వృత్తి ధర్మానికే విరుద్ధం.

ప్రకటన, శుద్ధి చేసిన రెజ్యూమె పెట్టాక ఈ ప్రాంప్టు ఇవ్వండి:

‘నువ్వు ఈ ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేసే సీనియర్ అకౌంటెంటువి. ఒక్క ప్రశ్న అడిగి ఆగు. నేను జవాబు ఇచ్చాక, ఆ జవాబులో డొల్లగా ఉన్న మాట పట్టుకుని దాని మీదే మళ్లీ అడుగు. మెచ్చుకోవద్దు. నా బదులు జవాబు రాయవద్దు. ఎనిమిది ప్రశ్నల తరువాత, నేను ఎక్కడ తప్పించుకున్నానో నా మాటల్నే చూపిస్తూ చెప్పు.’

ఆగమని చెప్పకపోతే ప్రశ్నలన్నీ జాబితాగా కుమ్మరిస్తుంది. మెచ్చుకోవద్దని చెప్పకపోతే ప్రతి జవాబుకూ ‘అద్భుతం’ అంటుంది. ఆ అద్భుతాలు వింటూ సాధన చేసినవారు అసలు గదిలో మొదటి ఎదురుప్రశ్నకే తడబడతారు.

కోఠి అమ్మాయి ఈ ప్రాంప్టుతో చేసిన సాధనలోంచి ఒక ముక్క చూడండి. ప్రశ్న: ‘మీ రిజిస్టరులో ఉన్న బిల్లు 2బీలో లేకపోతే ఏం చేస్తారు?’ ఆమె జవాబు: ‘సరఫరాదారుతో సమన్వయం చేసుకుని పరిష్కరిస్తాను.’ వెంటనే ఏఐ: ‘సమన్వయం అంటే సరిగ్గా ఏం చేస్తారు? ఆయన ఆ నెల రిటర్ను వేయనే లేదంటే క్రెడిట్ సంగతి ఏమిటి?’ రెండోసారి ఆమె ఇలా చెప్పారు: ‘ముందు బిల్లు నంబరు, జీఎస్టీ నంబరు మా వైపు తప్పుగా ఎక్కిందేమో చూస్తాను. అవి సరిగ్గా ఉంటే ఆ వ్యాపారికి ఫోన్ చేసి, జీఎస్టీఆర్-1లో చూపించారా అని అడుగుతాను. చూపించకపోతే ఆ క్రెడిట్‌ను ఈ నెల 3బీలో (పన్ను లెక్క చూపే రిటర్నులో) తీసుకోం. పెండింగు బిల్లుల షీటులో పెట్టి, 2బీలో కనిపించిన నెల తీసుకుంటాం.’ ఇది ఏఐ రాసిచ్చిన జవాబు కాదు, ఎనిమిదేళ్ల అనుభవం ఉన్నవారు కూడా వింటే తల ఊపే జవాబు.

జవాబులు టైపు చేయవద్దు, నోటితో చెప్పండి. ఫోన్‌లో వాయిస్ టైపింగ్ ఉంది కదా. టైపు చేసేటప్పుడు చెరిపి దిద్దుకునే వీలు ఉంటుంది, హైటెక్ సిటీలో ప్యానెల్ ముందు ఆ వీలు ఉండదు. ఇంకొకటి, ఇది నా పద్ధతి: కొత్త విషయం మొదట తెలుగులో చెప్పండి, తరువాత ఇంగ్లిషులో. తెలుగులో స్పష్టంగా చెప్పలేకపోతే లోపం మీ ఇంగ్లిషులో లేదు, విషయం మీకు ఇంకా పట్టలేదు. ‘మీ గురించి చెప్పండి’ అనే ప్రశ్నకు జవాబు రాయించుకుని బట్టీ పట్టేవారు ఇప్పటికైనా మానండి. వింటున్నవారు అదే ధోరణి రోజంతా వింటుంటారు.

జీతం గురించి ఏఐ చెప్పే అంకెలు నమ్మి బేరం ఆడవద్దు. అవి పాతవి కావచ్చు, వేరే ఊరివి కావచ్చు. అదే రంగంలో ఉన్న సీనియర్లను అడగండి. సీటీసీకీ (సంస్థ మీ మీద పెట్టే మొత్తం ఖర్చుకీ) చేతికి వచ్చేదానికీ తేడా ఎలా వస్తుందో మాత్రం దాని దగ్గర నేర్చుకోవచ్చు. ఉద్యోగానికి ముందు డిపాజిట్ కట్టమన్న ఆఫర్ లెటర్ అసలుదా అని ఏఐని అడగడం వృథా. కట్టకండి. ఇప్పటికే కట్టి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

సాధన. ఈసారి ఎక్కువే ఇస్తున్నాను, తగ్గించమని రాయకండి. రెజ్యూమెలో ఎర్ర పెన్నుకు నిలిచిన మూడు వాక్యాలు ఎంచుకోండి. ఒక్కొక్క దాని మీద ఎందుకు, ఎలా, ఎంత, ఎవరితో, తప్పు జరిగితే ఏమిటి అని ఐదు ప్రశ్నలు అడిగించుకోండి. ప్రతి జవాబూ 90 సెకన్లు మించకుండా ఫోన్‌లో రికార్డు చేయండి. ఎల్బీ నగర్ నుంచి మియాపూర్ దాకా మెట్రోలో వెళ్లేవారికి వినడానికి కావలసినంత సమయం దొరుకుతుంది. విన్నాక, చెప్పింది చెప్పినట్టే కాగితం మీద ఎక్కించి, ‘ఈ పని తెలియని మనిషికి ఇందులో ఏ వాక్యం అర్థం కాదు?’ అని ఏఐని అడగండి. దిద్దమని మాత్రం అడగవద్దు, మీరే దిద్ది మళ్లీ చెప్పండి. ఈ పదిహేను జవాబులు ఉంటేనే వచ్చే పాఠంలో హెచ్‌ఆర్ రౌండు మొదలుపెడతాం.