టెక్సాస్ పటం మీద మొదటి గీత

మా అమ్మాయికి టెక్సాస్ సహజ ప్రాంతాలు నేర్పేటప్పుడు పేర్లు బట్టీ పట్టించలేదు. ముందు ఒక గీత గీయించాను. మీరూ అక్కడే మొదలుపెట్టండి. వేకో నుంచి ఆస్టిన్, శాన్ ఆంటోనియోల మీదుగా డెల్ రియో దాకా పెన్సిలుతో వంపు గీత గీయండి. అది బాల్కోన్స్ భ్రంశ మండలం, అంటే నేల పొరలు విరిగి జారిన పగుళ్ల పట్టీ.

గీతకు తూర్పున తీర మైదానం, పశ్చిమాన సున్నపురాతి ఎడ్వర్డ్స్ పీఠభూమి. ఆ రాతి పగుళ్లలోకి ఇంకిన వాన నీరు ఈ గీత వెంబడే ఊటలై పైకి వస్తుంది. వీలైతే పిల్లల్ని ఆస్టిన్‌లోని బార్టన్ ఊటలో దింపండి. ఏడాది పొడవునా సుమారు 20 డిగ్రీల చల్లదనం! ఆ స్పర్శతో పాఠం మనసులో నిలిచిపోతుంది.

తరువాత అబిలీన్, విచిటా ఫాల్స్ చుట్టూ లోతట్టు మైదానాలకు రంగు వేయండి. వాటికి పశ్చిమాన కాప్‌రాక్ కొండచరియ. దాని పైన చదునైన ల్యానో ఎస్టకాడో పీఠభూమి.

పెకోస్ నది దాటాక పర్వతాలు, ఎడారి. అక్కడ 2,667 మీటర్ల గ్వాడలూప్ శిఖరాన్ని గుర్తించండి.

చివరగా వర్షపాతం రాయండి: ఏడాదికి ఎల్ పాసోలో సుమారు 9 అంగుళాలు, బ్యూమాంట్‌లో సుమారు 60. కౌంటీ (మన జిల్లా లాంటిది) సరిహద్దులు మాత్రం గీయనివ్వకండి. నేల వాటిని పట్టించుకోదు.