పెట్ ఫిల్మ్ మీద సిలికోన్ పీకులు: ఎలా వదిలించుకున్నానంటే

ప్లాస్మా (అయాన్లుగా మారిన వాయువు) తగిలించి పైపొరని మార్చిన పెట్ (PET, నీళ్ల సీసాల ప్లాస్టిక్) ఫిల్మ్‌ని టాఫ్-సిమ్స్‌లో (అయాన్లతో కొట్టి, పైపొర నుంచి ఎగిరిన ముక్కల బరువు కొలిచే పరికరం) పెడితే, పెట్‌కి గుర్తైన 149, 193 పీకులు (ఆయా బరువుల ముక్కలు ఎన్ని వచ్చాయో చూపే గ్రాఫులోని శిఖరాలు) నీరసంగా వచ్చాయి. 73, 147, 207, 221, 281 మాత్రం ఆకాశాన్నంటాయి. ఈ వరస చూడగానే తెలిసిపోతుంది, సిలికోన్ నూనె. ఈ పద్ధతిలో కనబడేది పైనున్న ఒకటి రెండు నానోమీటర్లే కాబట్టి, కంటికి ఆనని పూత ఉన్నా చాలు, అసలు పాలిమర్ మరుగున పడిపోతుంది.

ఎక్కణ్ణుంచి వచ్చిందన్నదే టెన్షన్. రోల్ లోపలి పొరల నుంచి కోసిన ముక్కని హెక్సేన్‌తో కడిగి ఆరబెట్టిన అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి తెచ్చాను. 73 దాదాపు మాయం. దాని జంట ముక్కని మా జిప్ కవర్లో రాత్రంతా ఉంచితే మళ్లీ ప్రత్యక్షం! దొంగ దొరికాడు.

ఫిల్మ్‌నే హెక్సేన్‌తో కడిగేయొచ్చుగా అని ల్యాబ్‌లో ఒకరన్నారు. సిలికోన్ పోతుంది, నిజమే. కానీ ప్లాస్మా వల్ల పైన ఏర్పడ్డ చిన్న అణువులు కూడా కదిలిపోతే ఇక చూడ్డానికేం మిగులుతుంది? అందుకే కొత్త ముక్కలు కోసి, ఫాయిల్‌లోనే తెచ్చి, ఫిల్మ్ మీద పేరుకునే విద్యుదావేశాన్ని తటస్థం చేసే ఎలక్ట్రాన్ ఫ్లడ్ గన్ ఆన్ చేసి, పైపొర పాడవకుండా అయాన్ డోసు చదరపు సెంటీమీటరుకి 10¹² అయాన్లు దాటకుండా మళ్లీ తీశాను. 193 నిటారుగా నిలబడింది.