కార్బన్ బాణానికి వేన్లు ఊడకుండా

తిరుపతి ఎండలో ప్రాక్టీస్ చేస్తుంటే మా పాప బాణాలకి వేన్లు (బాణం వెనక వైపు అతికించే చిన్న ప్లాస్టిక్ రెక్కలు) ముందు కొస నుంచి లేచిపోయేవి. జిగురు మంచిదే. షాఫ్ట్ (బాణం కడ్డీ) మీద కంటికి కనపడని జిడ్డే అసలు కారణం.

పాత జిగురు గీకేసి, సన్న గరుకు కాగితం తడిపి తేలిగ్గా రుద్దాను. పొడిగా రుద్దొద్దు, కార్బన్ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. గట్టిగా రుద్దితే షాఫ్ట్‌లోని కార్బన్ నారలు తెగుతాయి. తర్వాత షాఫ్టూ, వేన్ అడుగూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. ఆరాక మళ్ళీ వేలు తగలనివ్వలేదు, చెమట చాలు పట్టు పోవడానికి.

వేన్‌ని జిగ్ (అతికించేటప్పుడు బాణాన్నీ వేన్‌నీ సరైన చోట పట్టి ఉంచే పరికరం) క్లాంపులో పెట్టి, అడుగున సూపర్ గ్లూ వెంట్రుకంత సన్నగా గీసి అదిమి పట్టాను. మూడు వేన్లు, 120 డిగ్రీల ఎడం. చివర్లో ప్రతి వేన్ రెండు కొసల దగ్గరా ఒక్కో చుక్క జిగురు. ఇది మాత్రం మానొద్దు, బాణం టార్గెట్‌లో దిగేటప్పుడు ముందుగా దెబ్బ తినేది ముందు కొసే.